గాలి లేపిన రేకులు, ఉత్తరంలో రాసిన "అరుగుదల"

మీ ఇల్లు – మీ బీమా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

(జవాబులిచ్చేవారు సాధారణ బీమా సంస్థ క్లెయిముల విభాగంలో 31 ఏళ్లు, అందులో ఎక్కువ కాలం బరంపురంలో పనిచేశారు. పదవీ విరమణ తర్వాత పర్లాకిమిడిలో ఉంటున్నారు.)

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది పర్లాకిమిడి. మా మావయ్య గారు కట్టిన ఇల్లు. ముందు రెండు గదులు స్లాబు, వెనక పెద్దగది, వంటిల్లు రేకుల కప్పు. మా ఆయనకి విశాఖలో ఉద్యోగం. నేను, అత్తయ్య, పిల్లలు ఇక్కడే ఉంటాం. మూడేళ్ల కిందట ఇల్లు బాగుచేయించడానికి పాతపట్నం బ్యాంకులో లోను తీసుకుంటే, వాళ్లే ఇంటికి 12 లక్షలకి పాలసీ చేయించారు. ఏటా ప్రీమియం మా ఖాతాలోంచే పోతోంది. మొన్న మే నెలలో ఒక సాయంత్రం గాలివానకి వెనకగది మీద ఆరు రేకులు లేచిపోయాయి. రెండు పక్కింటి పెరట్లో పడ్డాయి. రాత్రంతా వాన గదిలోనే కురిసింది. పడమటి గోడ నాని బీటలు తీసింది. ఫ్రిజ్జు, పరుపులు, బీరువాలో బట్టలు పాడైపోయాయి. నాలుగు రోజులు కరెంటు లేదు. పాలసీ కాగితం బ్యాంకులో ఉండిపోయింది. కంపెనీకి చెప్పేసరికి తొమ్మిదో రోజయింది. కంపెనీ పంపిన సర్వేయరు (నష్టం అంచనా వేసేవారు) వచ్చి ఇరవై నిమిషాలు ఫోటోలు తీసుకుని వెళ్లారు. మేస్త్రి వేసిన ఎస్టిమేటు 2,38,000. రెండు నెలలకి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. కప్పు పాతబడి అరిగిపోయిందని, నీరు మెల్లగా ఊరి గోడ దెబ్బతిందని, ఇది తుపాను నష్టం కాదని, పైగా ఆలస్యంగా చెప్పామని రాశారు. ఫోన్ చేస్తే, "మీకు సామాన్లకి పాలసీ లేదు. తహసీల్దారు ఆఫీసు వాళ్లే 6,500 ఇచ్చారు, మీరు రెండు లక్షలు అడుగుతున్నారు" అన్నారు. అత్తయ్య వదిలేయమంటున్నారు. వదిలేయాలా? ఎక్కడైనా ఫిర్యాదు చేయాలంటే ఒడిశాలో చేయాలా, ఆంధ్రాలోనా?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: వదలకండి తల్లీ.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "అరుగుదల" అనే ఆ మాట నేనూ ఉద్యోగంలో ఉన్నప్పుడు చాలా ఉత్తరాల్లో రాశాను. కొన్నిటిలో అది నిజమే. చెదపట్టిన వాసాలు, పదేళ్లుగా కారుతున్న స్లాబు బాగుచేయించడానికి బీమా కాదు కదా. కానీ కొన్నిటిలో ఇల్లు చూడకుండా, ఫోటోలో తుప్పు మరక చూసి రాసేశాను. ఆ ఇళ్లవాళ్లలో చాలామంది మీ అత్తగారిలాగే వదిలేసుకున్నారు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే మీకు కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ఉత్తరం సంగతి. అది తీర్పు కాదు, కంపెనీ తన వాదన చెప్పుకుంది, అంతే. పైగా ఏ కారణం రాసిందో ఆ కారణానికే అది కట్టుబడి ఉండాలి. రేపు వినియోగదారుల కమిషన్ ముందుకొచ్చి కొత్త కారణం తీస్తానంటే కుదరదని 2019 డిసెంబరులో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీరు జవాబు చెప్పాల్సింది ఉత్తరంలో ఉన్న రెండు కారణాలకే: అరుగుదల, ఆలస్యం. ఫోన్లో అన్న మాటలు ఉత్తరంలో లేవు. అయినా వాటిలో రెండు పొరపాట్లున్నాయి, అవీ చెబుతాను.

లేచిపోయిన రేకులు ఏం చేశారు? మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. ఇంకా పెరట్లో ఉంటే దయచేసి పాత ఇనుమువాడికి ఇవ్వకండి. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు బరంపురంలో మా తమ్ముడి ఇంటి కప్పు పోయింది. పిల్లల కాళ్లకి తగులుతాయని, సర్వేయరు వచ్చేలోపే రేకులన్నీ కాటా వేయించి పంపేశాడు. కప్పు ఎలా పోయిందో చూపించడానికి ఆ తర్వాత ఒక్క ముక్క మిగల్లేదు. నేను అదే పనిలో ఉండి కూడా వాడికి ముందుగా చెప్పలేకపోయాను.

ఇక మరోసారి, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లాని ముంచిన తర్వాత, కాశీనగర్ వైపు నుంచి ఒక పెద్దావిడ మా ఆఫీసుకి వచ్చింది. గోనెసంచిలో మూడడుగుల రేకు ముక్క చుట్టి తెచ్చింది. నా బల్ల మీద పెట్టి, "ఈ కన్నం చూడమ్మా" అంది. హుక్కు బోల్టు పట్టే కన్నం గుండ్రంగా ఉండాలి కదా, అది వేలెడు పొడవున చీలి ఉంది. చీలిన అంచు పైకి లేచి, లోపలి లోహం తెల్లగా మెరుస్తోంది. తారు వాషరు ఇంకా బోల్టుకే అతుక్కుని ఉంది. తుప్పుతో పోయిన రేకు అలా ఉండదు. కన్నం చుట్టూ గోధుమరంగు పొడి రాలుతుంది, అంచు గోరుతో గిల్లితే విరుగుతుంది, లోహం మెరవదు. ఆవిడ రేకు మీద కూడా తుప్పు ఉంది, పాత రేకే. కానీ బోల్టు దగ్గర దాన్ని చీల్చింది గాలి. అప్పటికే కట్టేసిన ఫైలు మళ్లీ తెరిపించాం, డబ్బు ఇచ్చాం.

మీరూ ఆ కన్నాలు చూడండి. ప్రతి కన్నం పక్కన రూపాయి నాణెం పెట్టి దగ్గర్నుంచి ఫోటో తీయండి. కప్పు మీద మిగిలిన ఇనుప పైపులకు ఉన్న బోల్టులు కూడా తీయండి. వంగాయా, విరిగాయా, నిటారుగా ఉన్నాయా అన్నది ముఖ్యం. పక్కింటివాళ్ల పెరట్లో రెండు రేకులు పడ్డాయన్నారు. అరిగిపోయిన కప్పు చిల్లులుపడి కారుతుంది గానీ ఎగిరి గోడ దాటి వెళ్లదు కదా. ఫలానా రోజు, ఫలానా వేళ, మా పెరట్లో రేకులు పడ్డాయి అని ఒక కాగితం మీద వాళ్లచేత రాయించి సంతకం పెట్టించుకోండి. ఆ రాత్రి వాళ్ల ఫోనులో తీసిన ఫోటో ఉంటే ఇంకా మంచిది, ఫోటోలో తేదీ, గంట నమోదై ఉంటాయి. భువనేశ్వర్ వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తుంది. ఆ రోజు గజపతి జిల్లాకి ఏమిచ్చిందో, మర్నాటి పేపర్లో ఏం వచ్చిందో సంపాదించండి. నాలుగు రోజులు కరెంటు లేదని కరెంటు ఆఫీసువాళ్లు ఒక ముక్క రాసిచ్చినా అది గాలికి సాక్ష్యమే.

మీ ఉత్తరంలోనే ఒక బలమైన సంగతి ఉంది, మీరు గమనించలేదు. మూడేళ్ల కిందట ఇల్లు బాగుచేయించడానికే లోను తీసుకున్నామన్నారు. అంటే ఆ రోజు బ్యాంకు తరఫున ఇంజినీరు వచ్చి ఇల్లు చూసి, విలువ కట్టి, ఇల్లు ఏ స్థితిలో ఉందో రిపోర్టు రాసి ఉంటాడు. లోను డబ్బుతో కప్పు మీద ఏం పని చేయించారు? రేకులు మార్చారా? బోల్టులు బిగించారా? ఆ బిల్లులు వెతకండి. మేస్త్రి దగ్గరున్నా సరే. బ్యాంకుకి రాతపూర్వకంగా రాసి ఆ విలువ రిపోర్టు నకలు అడగండి. కప్పు బాగుందని నమ్మి లోను ఇచ్చి, ఆ ఇంటినే చూపించి ప్రీమియం కట్ చేసి, ఇప్పుడు కప్పు అరిగిపోయిందంటే ఎలా?

"నీరు మెల్లగా ఊరింది" అన్న మాటకి జవాబు వరసలో ఉంది. గాలి రేకు లేపింది, తెరుచుకున్న కప్పులోంచి వాన పడింది, వానకి గోడ నానింది. మొదటి కారణం గాలి. గోడ తడిసిందని మాత్రమే రాసి, తడవడానికి దారి ఎక్కడ పడిందో వదిలేస్తే అది సగం మాటే. సర్వేయరు రిపోర్టు నకలు అడగండి. అడిగితే ఇవ్వాలి. అందులో రేకులు లేచిన సంగతి ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ ఒక్క లోపం చాలు మీ ఫిర్యాదుకి. సర్వేయరు రాసిందే వేదం కాదని, తగిన కారణం ఉంటే దాన్ని పక్కనపెట్టొచ్చని 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆలస్యం గురించి పెద్దగా భయపడకండి. మన చేతిలో లేని కారణాలతో ఆలస్యమైన నిజమైన క్లెయిములను ఆ ఒక్క సాకుతో కొట్టేయవద్దని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011 సెప్టెంబరులోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. కరెంటు లేదు, పాలసీ బ్యాంకులో ఉంది, ఇంట్లో మగవాళ్లు లేరు, వృద్ధురాలు, పిల్లలు ఉన్నారు. ఇవే రాయండి, ఉన్నది ఉన్నట్టు. ఇంకో మాట. అదే సంస్థ ఇచ్చిన 2024 జూన్ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, మనం నష్టం సంగతి చెప్పిన 24 గంటల్లో కంపెనీ సర్వేయరుని పెట్టాలి, ఆయన 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. మీకు రెండు నెలలు పట్టింది. మీ తొమ్మిది రోజుల గురించి రాసినవాళ్లకి ఆ లెక్క కూడా గుర్తుచేయండి, మర్యాదగానే.

ఇప్పుడు సామాన్ల సంగతి. పాలసీ పైన ఏ పేరు అచ్చయి ఉందో చూడండి. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఇళ్లకి "భారత్ గృహ రక్ష" అనే ఒకే తరహా పాలసీ అమ్మాలి. మీది మూడేళ్ల కిందటిది కనుక అదే అయ్యుండాలి. అందులో ఇంటి కట్టడం (గోడలు, కప్పు) కోసం పాలసీ తీసుకుంటే, విడిగా జాబితా ఇవ్వకపోయినా, మామూలు గృహోపకరణాలకి ఆ మొత్తంలో 20 శాతం దాకా, 10 లక్షలకు మించకుండా, రక్షణ దానంతటదే వస్తుంది. మీ 12 లక్షలకి అది 2,40,000. ఫ్రిజ్జు, పరుపులు, బట్టలు అందులోకి వస్తాయి. మీది ఈ పాలసీయే అయితే, "సామాన్లకి పాలసీ లేదు" అన్నవారు దాన్ని పూర్తిగా చదవకుండా అన్నట్టే. బ్యాంకులో చేయించిన పాలసీల్లో ఇది తరచూ జరుగుతుంది. లోను తీసుకున్నవారికి ఒక పేజీ సర్టిఫికెట్ ఇస్తారు, షరతుల పుస్తకం ఇవ్వరు. ఆ పుస్తకం అడిగి తీసుకోండి. కూలిన చెత్త ఎత్తించిన ఖర్చు కూడా క్లెయిము మొత్తంలో 2 శాతం దాకా వస్తుంది. ఇల్లు తక్కువ విలువకి బీమా చేశారు కాబట్టి అంత మేరకు కోస్తామనే పాత లెక్క కూడా ఈ పాలసీలో లేదు.

ఆ 6,500 గురించి. ఈ మాట విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. విపత్తు సహాయ నిధి కింద పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి ప్రభుత్వం నిర్ణయించిన సాయం 6,500. నష్టం 15 శాతమైనా, 40 శాతమైనా అంతే. అది కష్టంలో ఉన్నవారికి ఇచ్చే చేయూత. మీ నష్టం ఎంత అని ఎవరూ లెక్కగట్టి ఇచ్చింది కాదు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు (ఆర్‌ఐ) గారి రిపోర్టులో "పాక్షిక నష్టం" అని రాసి ఉంటే అది మీకు వ్యతిరేకం కాదు, ఆ తేదీన గాలివానకి మీ ఇల్లు దెబ్బతిన్నదని ఒక ప్రభుత్వ ఉద్యోగి చూసి రాసిన సాక్ష్యం. దాని ధ్రువీకరించిన నకలు తహసీలు ఆఫీసులో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఆ కాగితం ఒడియాలో ఉంటుంది. అందులో మావయ్య గారి పేరు, బ్యాంకు కాగితంలో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూడండి. మన సరిహద్దు ఊళ్లలో పట్టాలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉండి ఫైళ్లు ఆగిపోవడం నేను చాలా చూశాను.

ఒడిశాలోనా, ఆంధ్రాలోనా అన్న ప్రశ్నకి వస్తాను. ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకి (ఫిర్యాదులు చూసే అధికారికి) రాయాలి. పైన చెప్పినవన్నీ జతచేసి, ఒక్కో కారణానికి ఒక్కో పేరాలో జవాబు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఈ-మెయిల్ కూడా చేయండి. ఐఆర్‌డీఏఐ టోల్‌ఫ్రీ 155255కి చేసి ఫిర్యాదు నమోదు చేయించుకుంటే నంబరు ఇస్తారు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు విని తీర్పు చెప్పే అధికారి) దగ్గరకి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. మీరు ఉండే చోటును బట్టి ఒడిశా మొత్తానికి భువనేశ్వర్ ఆఫీసు ఉంది. పాలసీ ఇచ్చిన కంపెనీ బ్రాంచి ఆంధ్రాలో ఉంటే హైదరాబాద్ ఆఫీసుకీ వెళ్లే హక్కు ఉంది. సరిహద్దులో ఉన్నందుకు మనకి దొరికిన ఒక సౌకర్యం ఇది. నా మాటడిగితే భువనేశ్వరే మంచిది, మీ సాక్ష్యాలన్నీ ఇక్కడి ఆఫీసులవే కనుక. కంపెనీ తిరస్కరించిన తర్వాత ఏడాది లోపు వెళ్లాలి. విచారణ వీడియోలో కూడా జరుగుతుంది.

ఆంబుడ్స్‌మన్ తీర్పు మీకు నచ్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. 2019 చట్టం వచ్చాక మీరు నివసించే జిల్లాలోనే, అంటే పర్లాకిమిడిలోనే కేసు వేయొచ్చు. శ్రీకాకుళం తిరగక్కర్లేదు. గడువు రెండేళ్లు. కానీ రెండూ ఒకేసారి చేయకండి. కమిషన్లో కేసు నడుస్తుంటే ఆంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు.

ఇంగ్లీషు ఉత్తరం చూసి ఇంట్లో అందరూ భయపడ్డారని మీ ఉత్తరం బట్టి అర్థమైంది. గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెప్పి, జనం మాట్లాడే భాషకోసం పోరాడిన ఊరు మనది. మీరు జరిగింది ముందు తెలుగులో, మీ మాటల్లోనే, గంటల వారీగా రాసుకోండి. సాయంత్రం ఎన్నింటికి గాలి మొదలైంది, మొదటి రేకు చప్పుడు ఎప్పుడు వినిపించింది, మీరు పిల్లల్ని ముందుగదిలోకి ఎప్పుడు తెచ్చారు. ఆ తర్వాత తెలిసినవాళ్లచేత ఇంగ్లీషులోకో ఒడియాలోకో రాయించండి.

వానలు ఆగవు కదా, కప్పు వేయించుకోండి. ఫోటోలు, బిల్లులు ఉంటే బాగుచేయించుకోవడం మీ క్లెయిముకి అడ్డు కాదు. ఇంకా పాడవకుండా చూసుకోవడం పాలసీదారుడి బాధ్యత కూడా. పాత రేకులు మాత్రం ఫైలు తేలేదాకా పెరట్లోనే ఉండనివ్వండి.

ప్రశ్న: మా ఇంటి ముందుగదిలో కిరాణా కొట్టు. వంశధార పొంగి నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. బియ్యం బస్తాలు, పప్పులు, ఇంటి సామాను తడిసిపోయాయి. ఇంటి పాలసీ ఉంది. అది తుపానుకే గానీ వరదకి కాదని ఏజెంటు అంటున్నాడు. నిజమేనా?
– ఒక వ్యాపారి, కాశీనగర్

జవాబు: అది నిజం కాదు బాబూ. భారత్ గృహ రక్షలో గాలివాన, తుపాను, వరద, ముంపు అన్నీ ఒకే చోట ఉంటాయి. కొండచరియ జారినా అందులోకే వస్తుంది. పాత రోజుల అగ్నిబీమా పాలసీల్లో మాత్రం ప్రీమియం తగ్గించడానికి గాలివాన, వరద భాగాన్ని తీసేసేవారు. మీది ఆ కాలపు పాలసీ అయితే పాలసీతో ఇచ్చిన వివరాల పట్టికలో (షెడ్యూలులో) ఆ మాట ఉంటుంది, చూసుకోండి.

అయితే బియ్యం బస్తాలు, పప్పులు ఇంటి పాలసీలో రావు. అది కొట్టు సరుకు. ఈ సంగతి చెప్పడానికి కష్టంగా ఉంది గానీ, లేని ఆశ పెట్టడం మీకు మేలు చేయదు. మీ క్లెయిములో ఇంటి సామాను, గోడలు, నేల విడిగా, సరుకు విడిగా జాబితా రాసి ఇవ్వండి. కలిపి రాస్తే కొట్టు ఉందన్న కారణంతో మొత్తం తిప్పికొట్టే ప్రమాదం ఉంది. రేపటికి సరుకు కోసం "భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష" తీసుకోండి. ఒకచోట 5 కోట్ల లోపు విలువున్న చిన్న వ్యాపారాలకి అది. సరుకు విలువ 15 శాతం దాకా తక్కువ రాయించినా కోత వేయరు. పండగల ముందు మీ కొట్టులో ఎంత సరుకు ఉంటుందో ఆ లెక్కకే రాయించండి, మామూలు రోజుల లెక్కకి కాదు.

ప్రశ్న: గాలివానకి మా పెంకుటిల్లు దెబ్బతింటే 1,40,000 అడిగాను. 61,000 ఇస్తామంటూ, "పూర్తి తృప్తితో స్వీకరిస్తున్నాను, ఇక ఏ హక్కూ లేదు" అన్న కాగితం మీద సంతకం పెట్టమన్నారు. నేను రిటైర్డ్ మాస్టారిని. సంతకం పెడితే ఇక అంతేనా? పెట్టకపోతే ఆ డబ్బూ రాదంటున్నారు.
– గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: మాస్టారూ, డబ్బు తీసుకోండి. ఆ కాగితాన్ని డిశ్చార్జి వోచరు అంటారు. దాని మీద సంతకం చేసినంత మాత్రాన ఎక్కువ కోసం అడిగే హక్కు పోదని 2015 సెప్టెంబరులో ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ చెబుతోంది. కానీ మీరు ఇష్టంతో పెట్టలేదని రుజువు కావాలి, అది నెలల తర్వాత రాస్తే నమ్మరు. సంతకం పెట్టిన రోజే కంపెనీకి ఈ-మెయిల్, స్పీడ్ పోస్టు రెండూ పంపండి. అవసరం కొద్దీ 61,000 తీసుకుంటున్నానని, మిగతా 79,000కి నా హక్కు ఉంచుకుంటున్నానని, కోత లెక్క వివరాలు కావాలని రాయండి. వోచరు ఖాళీగా ఉంటే మాత్రం సంతకం చేయకండి. అంకె, తేదీ వాళ్లచేత రాయించి, సంతకం చేసేముందు ఆ కాగితాన్ని మీ ఫోనులో ఫోటో తీసుకోండి.